రంగు పోయాక మిగిలేది: భద్రపరచిన నమూనాల ఆధారంగా ఊసరవెల్లి జాతుల గుర్తింపు

వ్యాససంగ్రహం

ఊసరవెల్లి అనగానే ఎవరికైనా రంగులే గుర్తుకు వస్తాయి. మ్యూజియం సీసాలలో భద్రపరచిన నమూనాలలో అన్నిటికన్నా ముందు పోయేది ఆ రంగే. అందువల్ల ఇటువంటి నమూనాల జాతిని నిర్ధారించడానికి తల ఆకృతి, పొలుసుల అమరిక, శిఖలు, సంగమాంగాల నిర్మాణం, ఎముకల స్వరూపం వంటి స్థిర లక్షణాలపై ఆధారపడవలసి ఉంటుంది. ఆ లక్షణాల విలువ ఎంత, వాటి పరిమితులు ఏమిటి, నమూనాతో పాటు ఉండే చీటీకి గల ప్రాధాన్యం ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. భారతీయ ఊసరవెల్లిని, మడగాస్కర్ జాతులలో ఇటీవల జరిగిన పునర్నిర్ధారణలను ఉదాహరణలుగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ఊసరవెల్లి, వర్గీకరణ శాస్త్రం, నమూనా, మూల నమూనా, పర్యాయనామం, మైక్రో సీటీ.

1. ఉపోద్ఘాతం

"తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు" అని తెలుగులో ఒక సామెత ఉంది. లోకవ్యవహారంలో ఈ రెండు జీవులనూ కలిపి చూసే అలవాటుకు ఇది సాక్ష్యం. మగ తొండకు తల, మెడ భాగాలు ఎరుపెక్కడం, ఊసరవెల్లి రంగులు మార్చడం ఈ పోలికకు కారణాలు. జీవశాస్త్రం ప్రకారం తొండ అగామిడే కుటుంబానికి, ఊసరవెల్లి కెమీలియోనిడే కుటుంబానికి చెందుతాయి. ఇవి దగ్గరి బంధుత్వం ఉన్న కుటుంబాలే అయినా ఒకటి ముదిరితే మరొకటి కాదు. రంగును ప్రమాణంగా తీసుకున్నప్పుడు కలిగే పొరపాటుకు ఈ సామెత ఒక చక్కని ఉదాహరణ.

ప్రపంచంలో ఇప్పటివరకు 200కు పైగా ఊసరవెల్లి జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. వాటిలో దాదాపు సగం మడగాస్కర్ ద్వీపానికే పరిమితం. మిగిలినవాటిలో అధికభాగం ఆఫ్రికా ఖండంలో ఉంటాయి. భారతదేశంలో సహజంగా నివసించేది ఒకే ఒక జాతి, కెమీలియో జైలానికస్. 1768లో లారెంటి దీనికి ఈ పేరు పెట్టాడు. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలలలో సరీసృపాల వరుసలో విద్యార్థులకు చూపే సీసాలలో ఊసరవెల్లి సీసా కూడా ఉండటం పరిపాటి. ఆ సీసాపై కేవలం ప్రజాతి పేరు రాసి ఉండి, జాతి, సేకరించిన చోటు, తేదీ లేకపోతే ఆ నమూనా గురించి ఎంతవరకు చెప్పగలం? ఎక్కడ ఆగిపోవాలి? ఈ వ్యాసంలో చర్చించే ప్రశ్నలు ఇవే.

2. రంగు ఎందుకు నిలవదు?

ఊసరవెల్లి రంగు కేవలం చర్మంలోని వర్ణద్రవ్యాల వల్ల ఏర్పడేది కాదు. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2015లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వెలువడ్డాయి. చర్మంలోని ఇరిడోఫోర్ కణాలలో గ్వానైన్ సూక్ష్మస్ఫటికాలు ఒక క్రమంలో అమరి ఉంటాయని, జీవి ఆ స్ఫటికాల మధ్య దూరాన్ని మార్చడం వల్ల ప్రతిఫలించే కాంతి రంగు మారుతుందని ఆ పరిశోధన నిరూపించింది. అంటే ఈ రంగు జీవించి ఉన్న కణం చేసే పని. జీవి మరణించగానే ఆ నియంత్రణ ఆగిపోతుంది.

వర్ణద్రవ్యాల సంగతి మరొక రకం. పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటినాయిడ్లు ఆల్కహాల్‌లో కరిగిపోతాయి. నలుపు, గోధుమ ఛాయలనిచ్చే మెలనిన్ మాత్రం చాలాకాలం నిలుస్తుంది. పచ్చని పాములు సీసాలో కొంతకాలానికి నీలి రంగుకు మారడానికి కారణం ఇదే. పసుపు పోతే పచ్చదనంలో మిగిలేది నీలమే. ఊసరవెల్లి నమూనాలు కూడా క్రమంగా నీలి బూడిద ఛాయకో, మట్టి రంగుకో చేరుకుంటాయి. కొన్నిటిలో ముదురు పట్టీలు, మచ్చలు మిగలవచ్చు. అవి కూడా జీవి చనిపోయిన క్షణంలో ఉన్న స్థితికే గుర్తులు. ఒకే జీవి నిద్రలో, బెదిరినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు వేరువేరు రంగులలో కనిపిస్తుంది కాబట్టి సీసాలోని మచ్చను జాతి లక్షణంగా తీసుకోవడం ప్రమాదకరం.

3. నిల్వచేసే విధానం, ఆకృతిలో మార్పులు

సరీసృపాలను సాధారణంగా మొదట 10 శాతం ఫార్మలిన్‌లో స్థిరపరచి, తరువాత నీటితో కడిగి, 70 శాతం ఇథనాల్‌లో భద్రపరుస్తారు. ఫార్మలిన్ ప్రొటీన్లను పరస్పరం బంధించి కణజాలాన్ని గట్టిపరుస్తుంది. ఆ గట్టిపడే సమయంలో శరీరం ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమే శాశ్వతమవుతుంది. సీసా ఇరుకైనదైతే తల వెనుక చర్మపు తమ్మెలు ముడుచుకుపోతాయి. గొంతు కింది శిఖ ఒక పక్కకు ఒరిగి అసలు లేనట్లే కనిపిస్తుంది. ముక్కు కొసన మెత్తని ఉపాంగం ఉండే జాతులలో అది వంగిపోతుంది లేదా కుంచించుకుపోతుంది. గాఢమైన ఆల్కహాల్ వల్ల నీరు తగ్గి శరీరం సన్నబడుతుంది. అప్పుడు పక్కటెముకల ఆనవాళ్ళు పైకి తేలి పొలుసుల అమరికలో లేని గట్లను సృష్టిస్తాయి.

అందువల్ల నమూనాలో ఒక లక్షణం కనిపించకపోతే మూడు అవకాశాలను పరిశీలించాలి. ఆ లక్షణం ఆ జాతికే లేకపోవచ్చు. ఆ లింగానికో, ఆ వయసుకో లేకపోవచ్చు. లేదా నిల్వచేసే క్రమంలో చెడిపోయి ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరుచేయకుండా నిర్ధారణ పట్టికను అనుసరించడం వల్లనే చాలా తప్పులు జరుగుతాయి.

4. బాహ్య లక్షణాలు: కుటుంబం నుంచి జాతి వరకు

ఊసరవెల్లి కుటుంబాన్ని గుర్తించడంలో సందేహానికి తావు ఉండదు. కాలివేళ్ళు రెండు కట్టలుగా కలిసిపోయి పట్టుకారులా ఉంటాయి. ముందుకాలిలో లోపలి కట్టలో 3, వెలుపలి కట్టలో 2 వేళ్ళు ఉంటాయి. వెనుకకాలిలో ఇది తారుమారై లోపల 2, వెలుపల 3 ఉంటాయి. తొండ కాలివేళ్ళు ఐదూ విడివిడిగా ఉంటాయి. ఈ ఒక్క పరిశీలనతో సామెత కలిపిన జీవులను సీసాలో విడదీయవచ్చు.

ప్రజాతి, జాతి స్థాయిలలో చూడవలసిన ముఖ్య లక్షణాలు ఇవి.

శిరస్త్రాణం: తల వెనుక భాగం ఎముక ఆధారంతో పైకి లేచి ఉండే నిర్మాణం ఇది. దీని ఎత్తును, నడిమి గట్టు వంపును కొలతలతో నమోదు చేయాలి. నోటి మూల నుంచి శిరస్త్రాణపు కొన వరకు ఉన్న దూరాన్ని నోటి పొడవుతో పోల్చడం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. ఎముకపై ఆధారపడినందువల్ల ఇది నిల్వలో అంతగా మారదు.

తల వెనుక తమ్మెలు: ఆఫ్రికాలోని కెమీలియో డైలెపిస్‌లో ఇవి పెద్దవిగా ఉంటాయి. కొన్ని జాతులలో ఛాయామాత్రంగా ఉంటాయి, మరికొన్నింటిలో అసలే ఉండవు.

శిఖలు: వీపు, గొంతు, ఉదరం మీద శంఖాకార పొలుసుల వరుసలు ఎంతవరకు సాగాయో, ఎక్కడ ఆగాయో చూడాలి.

పొలుసుల అమరిక: శరీరమంతా దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న పొలుసులా, చిన్నవాటి మధ్య పెద్ద గుండ్రని పొలుసులు చెదిరి ఉన్నాయా అన్నది కీలకమైన భేదం.

కొమ్ములు, ముక్కు ఉపాంగాలు: ట్రయోసెరాస్ ప్రజాతిలోని కొన్ని జాతుల మగజీవులకు వలయాలతో కూడిన కొమ్ములు ఉంటాయి. మడగాస్కర్ జాతులలో కొన్నింటికి ముక్కు కొసన ఎముకతో కూడిన ఉపాంగం, మరికొన్నింటికి మెత్తని చర్మపు ఉపాంగం ఉంటుంది. పైకి ఒకే విధంగా కనిపించే ఈ రెండింటినీ లోపలి ఎముకను చూసి వేరుచేయాలి.

మడమ ముల్లు: కొన్ని జాతుల మగజీవుల వెనుకకాలి మడమ వద్ద చిన్న మొన పొడుచుకు వచ్చి ఉంటుంది.

ఈ లక్షణాలను భారతీయ ఊసరవెల్లికి అన్వయిస్తే నిర్ధారణ క్రమం స్పష్టమవుతుంది. శిరస్త్రాణం వెనుకవైపు ఎత్తుగా లేచి, నడిమి గట్టు బలంగా వంగి ఉంటుంది. ముక్కు మీద ఎటువంటి ఉపాంగమూ ఉండదు. తల వెనుక తమ్మెలు నామమాత్రం. శరీరం మీద పెద్ద బొడిపెలు ఉండవు. గొంతు నుంచి ఉదరం వరకు సాగే శిఖ స్పష్టంగా, తెల్లగా ఉంటుంది. తోక శరీరం కన్నా పొడవు. మగజీవికి మడమ ముల్లు ఉంటుంది. ఈ ముల్లు కారణంగానే 19వ శతాబ్దపు గ్రంథాలలో ఈ జాతి 'కాల్కరేటస్', అంటే ముల్లు గలది, అనే పేరుతో కనిపిస్తుంది. 1890లో బౌలెంజర్ 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' సంపుటిలో ఆ పేరునే వాడాడు. 1935లో మాల్కమ్ స్మిత్ అదే గ్రంథమాలలోని తన సంపుటిలో 'జైలానికస్' అన్న పేరును స్వీకరించాడు. కాబట్టి పాత సీసాలపై కనిపించే రెండు పేర్లు రెండు జాతులకు గుర్తులు కావు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ముల్లు మగజీవికే ఉంటుంది కనుక ముల్లు లేని నమూనాను ఆ ఒక్క కారణంతో ఈ జాతి కాదనకూడదు; ముందు లింగనిర్ధారణ జరగాలి. రెండవది, ఆఫ్రికాలోని కెమీలియో ఆఫ్రికానస్ మగజీవులకు కూడా మడమ ముల్లు ఉంటుంది, తల వెనుక తమ్మెలు ఉండవు. సేకరించిన చోటు తెలియని నమూనాను కేవలం ఈ రెండు లక్షణాలతో భారతీయ జాతిగా నిర్ధారిస్తే అది నిర్ధారణ అనిపించుకోదు, అలవాటుగా చేసిన ఊహ అవుతుంది. దేశంలో ఒకటే జాతి ఉందన్న జ్ఞానం నమూనా ఈ దేశంలో సేకరించినదని తెలిసినప్పుడే పనికివస్తుంది.

5. అంతర లక్షణాలు

బాహ్యరూపం చాలనిచోట శరీరం లోపలి నిర్మాణం ఆధారమవుతుంది. మగ సరీసృపాలలోని బల్లులకు, పాములకు హెమిపెనిస్ అనే జంట సంగమాంగాలు ఉంటాయి. ఊసరవెల్లులలో వాటి మీది గుంటలు, అంచులు, కొన వద్ద ఉండే రంపపుపళ్ళ వంటి చక్రాకార నిర్మాణాలు జాతిజాతికీ భిన్నంగా ఉంటాయి. 1970ల నుంచి క్లావర్ ఊపిరితిత్తుల గోడలను, వాటి నుంచి వేలాడే సన్నని తిత్తులను పరిశీలించి వర్గీకరణకు కొత్త ఆధారాలు ఇచ్చాడు. 1986లో క్లావర్, బోమె కలిసి ప్రచురించిన రచన హెమిపెనిస్ నిర్మాణానికి ప్రత్యేక ప్రాధాన్యమిచ్చి ఈ కుటుంబాన్ని పునర్వర్గీకరించింది. అంతకుముందు కెమీలియో అనే పెద్ద ప్రజాతిలో ఉన్న మడగాస్కర్ జాతులు కాలుమ్మా, ఫర్సిఫర్ ప్రజాతులుగా విడిపోయాయి. ఆ రచనకు ఆధారమైన లక్షణాలు భద్రపరచిన దేహాలలో నిలిచి ఉండేవే.

ఈ పరిశీలనకు ఒక షరతు ఉంది. హెమిపెనిస్‌ను ఫార్మలిన్‌లో గట్టిపడకముందే పూర్తిగా వెలుపలికి తీసి స్థిరపరచాలి. లోపలే గట్టిపడిపోతే తరువాత దానిని చూడాలంటే శస్త్రచ్ఛేదనం తప్పదు. వందేళ్ళ నాటి ఏకైక నమూనాను కోయడానికి ఏ సంరక్షకుడూ సులభంగా అంగీకరించడు.

ఈ చిక్కును మైక్రో సీటీ స్కానింగ్ చాలావరకు తీర్చింది. ఎక్స్ కిరణాలతో నమూనాను అన్ని కోణాల నుంచి చిత్రించి, ఎముకల త్రిమితీయ రూపాన్ని కంప్యూటర్‌లో నిర్మిస్తారు. నమూనాకు కోత పడదు. పుర్రెలోని ప్రతి ఎముక హద్దును, ఎముకల మధ్య ఖాళీలను, ముక్కు ఉపాంగపు ఆధారాన్ని కొలవవచ్చు. అయోడిన్‌తో రంజనం చేసినప్పుడు మృదుకణజాలం కూడా కనిపిస్తుంది.

6. చీటీ, మూల నమూనా

నమూనాకు శరీరం ఎంత ముఖ్యమో చీటీ అంత ముఖ్యం. సేకరించిన చోటు, తేదీ, సేకర్త, ఎత్తు, జీవి కనిపించిన చెట్టు లేదా పొద వంటి వివరాలు లేని నమూనా బోధనకు పనికివస్తుంది గాని పరిశోధనకు దాని విలువ చాలా తక్కువ. దేహాన్ని మళ్ళీ కొలవవచ్చు. పోయిన చీటీని ఏ పరికరమూ తిరిగి తేలేదు.

జాతినామానికి ఆధారం మూల నమూనా. ఒక జాతిని మొదట వర్ణించినప్పుడు శాస్త్రజ్ఞుడు ఏ నమూనాను నిర్దేశించాడో ఆ పేరు ఆ నమూనాకే కట్టుబడి ఉంటుంది. తరువాతి పరిశోధకుడు రెండు పేర్లు ఒకే జాతివని భావిస్తే వెనుక వచ్చిన పేరు పర్యాయనామం అవుతుంది. అయితే మూల నమూనా సీసాలో ఉన్నంతకాలం ఆ తీర్పును మళ్ళీ పరిశీలించే అవకాశం ఉంటుంది. అందువల్ల సీసాపై ఉన్న పేరును తుదితీర్పుగా భావించరాదు. అది ఒకరు ఒకనాడు వెలిబుచ్చిన అభిప్రాయం మాత్రమే.

7. నిదర్శనలు

మడగాస్కర్‌కు చెందిన కాలుమ్మా వటోసోవా జాతిని 2001లో ఒక మగ నమూనా ఆధారంగా వర్ణించారు. ఆ తరువాత చాలాకాలం ఆడజీవి శాస్త్రానికి తెలియదు. 2015లో ప్రోట్జెల్, మరికొందరు జర్మన్ పరిశోధకులు ఒక ఆడ నమూనాను మైక్రో సీటీతో పరిశీలించారు. అంతకుముందు దానిని కాలుమ్మా లినోటమ్ అనే మరో జాతిగా వర్ణించారు. పోలికగల జాతుల ఆడజీవులతో బాహ్య లక్షణాలను, పుర్రె నిర్మాణాన్ని సరిపోల్చి అది వటోసోవా ఆడజీవి అని వారు నిర్ధారించారు. వెతుకుతున్న జీవి అప్పటికే మరో పేరుతో భద్రంగా ఉంది.

ఫర్సిఫర్ వోల్ట్జ్‌కోవి చరిత్ర ఇంకా గమనార్హం. 1893లో బోట్గర్ వర్ణించిన ఈ మడగాస్కర్ జాతిని తరువాతి వారు ఫర్సిఫర్ రైనోసెరేటస్‌కు పర్యాయనామంగా పరిగణించారు. 1913 తరువాత ఈ జీవి మళ్ళీ నమోదు కాలేదు. ఫర్సిఫర్ మోనోసెరాస్ అనే మరో పేరుకు కూడా పర్యాయనామం గతే పట్టింది. ఈ పేరు 1913లో, బోట్గర్ మరణించిన మూడేళ్ళకు వెలువడింది. దీనికి ఆధారం ఒకే ఒక నమూనా. 2018లో సెంటిస్, సహపరిశోధకులు పాత నమూనాల బాహ్య లక్షణాలను, మైక్రో సీటీ చిత్రాలను పోల్చి ఈ రెండూ రైనోసెరేటస్‌కు భిన్నమైన జాతులని నిరూపించారు. సీసాలలోని దేహాల బలంతో రెండు పేర్లు తిరిగి ప్రాణం పోసుకున్నాయి.

అదే 2018లో జర్మన్, మడగాస్కర్ శాస్త్రజ్ఞుల బృందం వాయవ్య మడగాస్కర్‌లో జరిపిన క్షేత్రయాత్రలో వోల్ట్జ్‌కోవి సజీవంగా కనిపించింది. 2020లో 'సాలమాండ్రా' పత్రికలో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆడజీవి సజీవ వర్ణాలు శాస్త్రానికి మొదటిసారిగా అప్పుడే తెలిశాయి. గర్భంతో ఉన్నప్పుడు, మగజీవి ఎదురైనప్పుడు, బెదిరినప్పుడు అది అత్యంత వర్ణభరితంగా ఉంటుంది. నూరేళ్ళకు పైగా సీసాలలో ఉన్న నమూనాలు ఆ రంగుల గురించి ఒక్క మాట కూడా చెప్పలేకపోయాయి. అయినా ఆ జీవి వేరొక జాతి అన్న సత్యాన్ని నిలబెట్టినవి అవే. పేరు పర్యాయనామంగానే ఉండి ఉంటే, కళ్ళెదుట కనిపించిన జీవి కూడా రైనోసెరేటస్ లెక్కలో కలిసిపోయేది. దాని అడవికి, దాని సంఖ్యకు ప్రత్యేక రక్షణ కోరే ఆధారమే ఉండేది కాదు.

మూడవ నిదర్శన పరిమాణానికి సంబంధించినది. 2021లో వర్ణించిన బ్రూకీసియా నానా మగజీవి ముక్కు కొన నుంచి మలద్వారం వరకు కేవలం 13.5 మిల్లీమీటర్లు. ఇంత చిన్న నమూనాను చూసినప్పుడు అది మరో జాతి పిల్ల కాదా అన్న సందేహం సహజం. పూర్తిగా ఎదిగిన హెమిపెనిస్ మగజీవి వయోజనుడని తెలిపింది. ఆడజీవి శరీరంలో గుడ్లు ఉన్నట్లు మైక్రో సీటీ చూపింది. వయోనిర్ధారణ జరగనిదే జాతినిర్ధారణ సాగదని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

8. డీఎన్ఏ పరిధి

జన్యుపరీక్ష అందుబాటులో ఉండగా ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది, ప్రొటీన్లతో బంధించి వేయడం వల్ల దానిని వెలికితీయడం కష్టమవుతుంది. ఇటీవలి పద్ధతులు కొన్ని పాత నమూనాల నుంచి చిన్నచిన్న శకలాలను రాబట్టగలుగుతున్నా ప్రతి నమూనా ఫలితమివ్వదు. అంతకన్నా మౌలికమైన విషయం ఒకటి ఉంది. డీఎన్ఏ ఒక జీవి మరొకదానికి భిన్నమని చెప్పగలదు. ఆ రెండింటిలో పాత పేరు దేనికి చెందుతుందో తేల్చడానికి మూల నమూనాతో పోల్చడం తప్పదు. మూల నమూనా నుంచి డీఎన్ఏ రానప్పుడు ఆ పోలిక దేహలక్షణాల మీదనే జరగాలి.

9. కళాశాలల సంగ్రహాలకు వర్తించే సూచనలు

భారతీయ ఊసరవెల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవి. అనుమతి లేకుండా దానిని సేకరించడం నేరం. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధంలో కూడా ఇది ఉంది. ఈ స్థితిలో కళాశాలలలో ఇప్పటికే ఉన్న పాత సీసాలు మరింత విలువైనవి. వాటి విషయంలో చేయదగిన పనులు కష్టమైనవి కావు. ఆవిరైన ఇథనాల్‌ను ఎప్పటికప్పుడు నింపాలి. పాత చీటీ ఎంత చిరిగినా, దానిమీద పేరు తప్పని తేలినా పారవేయకూడదు. కొత్త నిర్ధారణను వేరే చీటీపై నిర్ధారకుని పేరు, తేదీతో రాసి పక్కన చేర్చాలి. ద్రవంలో చెదరని సిరాతో రాసిన చీటీ సీసా లోపల ఉండాలి. సీసా బయట అతికించినది ఊడిపోతుంది. లింగం, వయసు, కొలతలు, శిరస్త్రాణం, శిఖ, మడమ ముల్లు వివరాలను ఛాయాచిత్రాలతో సహా జాబితాగా నమోదు చేయాలి.

అనుమతితో కొత్త నమూనాను భద్రపరచవలసి వస్తే, ఉదాహరణకు రోడ్డుపై వాహనాల కింద పడి మరణించిన జీవి దొరికితే, ఫార్మలిన్‌లో ఉంచకముందే చిన్న కణజాల భాగాన్ని శుద్ధ ఇథనాల్‌లో విడిగా దాచాలి. సజీవ వర్ణాల కోసం జీవిని పట్టవలసిన అవసరం లేదు. అదే ప్రాంతంలోని జీవులను పగలు, రాత్రి తీసిన ఛాయాచిత్రాలను నమూనా సంఖ్యతో జతపరిస్తే చాలు.

10. ముగింపు

భద్రపరచిన ఊసరవెల్లిని గుర్తించడం రంగు లేనిచోట రూపాన్ని చదవడం. ఆ రూపంలో ఎముక, పొలుసు, సంగమాంగం వంటివి కాలానికి నిలుస్తాయి, తమ్మె, శిఖ, మెత్తని ఉపాంగం నిల్వలో వికృతమవుతాయి, వర్ణం అదృశ్యమవుతుంది. ఏ లక్షణం ఏ కోవకు చెందుతుందో తెలిసిన పరిశోధకుడే తన నిర్ధారణకు హద్దును గీయగలడు. చోటు తెలియని సీసాపై ప్రజాతి వరకే రాసి ఆగిపోవడం కూడా శాస్త్రీయమైన నిర్ధారణే. వటోసోవా, వోల్ట్జ్‌కోవి ఉదాహరణలు చూపినట్లు, తప్పు పేరుతో ఉన్న నమూనాను మరొక తరం సరిదిద్దగలదు. అందుకు నమూనా, దానితో పాటు దాని చీటీ ఆ తరం వరకు మిగిలి ఉండాలి.